క్యాసెట్టు రెండో వైపు

మొన్న తిరుపతిలో నా ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం, పక్క మంచం మీది పలమనేరు మనిషి నర్సమ్మ అటు తిరిగేదాకా ఆగి, నా వైపు ఒరిగి, గొంతు తగ్గించి ఒక హెచ్చరిక చేశాడు. ఆవులు పెట్టుకుని పాలు పోసుకునే మనిషి ఆయన, మోటారు సైకిలు మీదినుంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నాకేమో గజ్జల్లో పేగు జారింది. ఇద్దరికీ నడుములో సూది వేసి కింది సగం మొద్దుబార్చి, మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేస్తారని పొద్దున వచ్చి చెప్పి వెళ్ళారు. భయం వేయకుండా చెవులకు పాటలు పెడతామనీ, ఏ పాటలు కావాలో అనుకుని ఉండమనీ కూడా చెప్పారు. అది విన్నప్పటినుంచీ ఆయన ముఖం అదోలా ఉంది.

“పాట పెడతామంటే వద్దని చెప్పన్నా,” అన్నాడు. “మన మీద ప్రేమతో పెడతారనుకున్నావా? వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది మనకి ఇనపడకుండా పెడతారు. లోపల పనిచేసేటాయనే చెప్పినాడంట మా అమ్మకి, సిత్తూరులో.”

వాళ్ళమ్మ పాట వద్దనేసి, ఒళ్ళంతా చెవులు చేసుకుని ఆ బల్ల మీద పడుకుందనీ, కత్తెర చప్పుడైనప్పుడల్లా పైప్రాణాలు పైనే పోయాయనీ, ఆ భయం ఆమెకు చచ్చేదాకా పోలేదనీ చెప్పాడు. ఆ మాట నాది. చిత్తూరులో ఆ లోపల పనిచేసినవాణ్ణి నేను.

టేపురికార్డరు బొత్తాన్ని బొటనవేలితో నొక్కిన తరం వాళ్ళు మీలో ఉంటే, నేను చెప్పబోయే కాలం ఏదో వేరే చెప్పనక్కరలేదు. చిత్తూరులో అప్పుడొక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఉండేది, కింద నాలుగు మంచాలు, మేడ మీద ఒకే ఒక్క థియేటరు. నేను అందులో సహాయకుణ్ణి. చదువు పదో తరగతితో ఆగినా, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు నన్ను కాంపౌండరనే పిలిచేవాళ్ళు, నేనూ కాదనేవాణ్ణి కాదు. పేషెంటును బల్ల మీద పక్కకు తిప్పి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా వంచి, సూది దిగేదాకా కదలకుండా పట్టుకోవడం నా పని. సూది పని చేయడం మొదలుపెట్టాక, ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టాక, ఇంకో పని ఉండేది. అది ఎవరూ నాకు అప్పగించింది కాదు. తల దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, నుదుటి మీద చేయి పెట్టి, వానలు పడ్డాయా, వేరుశనగ ఎట్లా ఉంది, మీ ఊరికి బస్సు ఎన్నింటికి అని మాటల్లో పెట్టడం. తాము ఎక్కడ ఉన్నదీ మరిచిపోయి వాళ్ళు నవ్విన సందర్భాలు కూడా ఉన్నాయి. ఊరికి పోయి, తల కాడ ఆ కాంపౌండరు ఉంటేనే పోండి అని చెప్పేవాళ్ళు. నా దర్జా అంతా ఆ పీట మీద ఉండేదని నాకు ఆ తర్వాతగానీ తెలియలేదు.

అట్లా ఉండగా కోస్తా నుంచి మత్తు డాక్టరమ్మ ఒకామె వచ్చింది. చిన్న వయసు, నెమ్మది మనిషి. వచ్చిన రెండో వారం గుడ్డ సంచిలో ఒక టేపురికార్డరు తెచ్చి, స్పిరిటుతో శుభ్రంగా తుడిచి, పేషెంటు తల దగ్గర పెట్టడానికి అటూ ఇటూ చూసి, నా పీట మీద పెట్టింది. నన్ను ఇంకొంచెం అటు నిలబడమంది. అంతే జరిగింది. కానీ ఆ రోజునుంచి ఆమె చేసే ప్రతి పనీ నాకు అనుమానంగానే కనిపించింది. పేషెంట్లను ముందురోజే పలకరించి, మీకేం పాటలు ఇష్టమని అడగడం ఎందుకు? బల్ల మీదున్న మనిషికి ఎవరైనా పాటలు వినిపిస్తారా, పెళ్ళా పేరంటమా? ఆపరేషన్ కాగానే చిన్న నోటుపుస్తకం తీసి ఇంగ్లీషులో ఏదో రాసుకునేది; నా తప్పులే రాస్తూ ఉంటుందనీ, ఒకరోజు ఆ పుస్తకం పెద్ద డాక్టరుగారి బల్ల మీదికి పోతుందనీ, అక్కడితో నా ఉద్యోగం పోతుందనీ అనుకున్నాను.

ముందురోజు వచ్చిన పేషెంట్లూ, వాళ్ళకు తోడు వచ్చినవాళ్ళూ మెట్ల కింద టీ కొట్టు బెంచీ మీద కూర్చునేవాళ్ళు. నేను అక్కడికి పోయి, ఎవరూ అడగకుండానే, గొంతు తగ్గించి ఆ మాట చెప్పడం మొదలుపెట్టాను. లోపల మాట్లాడుకునేది మీకు వినపడకూడదనే పాట పెడుతున్నారు, మీ ఇష్టం, నేను చెప్పానని చెప్పొద్దు అని. లోపల మాట్లాడుకునేది ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఈ ఏడు మామిడి ధర, పెద్ద డాక్టరుగారి అబ్బాయికి లెక్కల్లో వచ్చిన మార్కులు, కొత్తగా వచ్చిన సినిమా. దాచుకోవాల్సిన మాట ఒక్కటి కూడా నా చెవిన పడలేదు. అయినా చెప్పాను. ఒకరిద్దరు పాట వద్దన్నారు, అప్పుడు పీట మళ్ళీ నాకు వచ్చేది. పలమనేరు మనిషి వాళ్ళమ్మ వాళ్ళలో ఒకామె అయి ఉండాలి. ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

ఇక మా చిన్నాయన సంగతి. మా నాయన తమ్ముడు, బంగారుపాళ్యం దగ్గర మామిడితోట చేసుకునేవాడు. ఇప్పుడు నాకు వచ్చిందే ఆయనకూ వచ్చింది, గజ్జల్లో పేగు జారింది. ఏడాది పాటు నడుముకు తుండు బిగించి కట్టుకుని తిరిగాడే గానీ, కత్తి అంటే భయపడి ఆసుపత్రి గడప తొక్కలేదు. చివరికి, మన అబ్బోడు తల కాడే ఉంటాడంట గదా, ఇంక నాకేం అని వచ్చాడు. ఆ మాట మా పిన్నమ్మతో అంటుండగా విని నేను ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తు.

చిన్నాయన ఊరి భజన గుంపులో తాళం వేసేవాడు. ఆ గుంపు పాటలను ఎవరో మోజుపడి చిత్తూరు బజారులో క్యాసెట్టుగా రికార్డు చేయించారు, మొదటి వైపు చెక్కభజన పాటలు, రెండో వైపు తత్వాలు. ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చెక్కభజన తిరునాళ్ళకు, పండగలకు. కాళ్ళు ఊరుకోని పాటలు అవి. ఆ తత్వాలు మాత్రం మా ఊళ్ళో చావింట్లో తప్ప పాడరు. మనిషి పోయాడని తెలియగానే గుంపు వచ్చి వాకిట్లో కూర్చుని, శవం లేచేదాకా అవే పాడుతుంది. ఏ ఇంట్లోనుంచి ఆ పాట వినబడితే ఆ ఇంట్లో మనిషి పోయినట్టే, వేరే కబురు అక్కరలేదు. కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మకు ఇది తెలిసే వీల్లేదు, ఆమెకు అన్నీ భజనలే.

ఏం పాట కావాలని ఆమె అడిగితే చిన్నాయన సిగ్గుపడుతూ తుండులోనుంచి ఆ క్యాసెట్టు తీసి నా చేతికి ఇచ్చాడు. మొదటి వైపు పెట్టు, రెండోది నీకు తెలుసు గదా అన్నాడు. తెలుసన్నాను.

మెట్లెక్కుతూ చేతిలో దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. నాకు తోచిన లెక్క చాలా చిన్నది. రెండో వైపు పెడితే చిన్నాయన ఉలిక్కిపడి, ఇదేం పాట, తీసేయండి అంటాడు. డాక్టరమ్మ తలవంచుకుంటుంది, ఈ గోల మనకెందుకని పెద్ద డాక్టరుగారు టేపురికార్డరును అలమరలో పెట్టిస్తారు. ఒక్క నిమిషం పని. సూది పని చేసింది, గుడ్డ కట్టారు, పెద్ద డాక్టరుగారు మొదలుపెట్టారు. డాక్టరమ్మ నా వైపు చూసి తల ఊపింది. నేను రెండో వైపు పెట్టి బొత్తాం నొక్కాను.

మొదట తంబుర, తర్వాత తాళం. ఆ తాళం చిన్నాయనదే. తన చేత్తో తాను వేసిన తాళం వింటూ ఆయన కళ్ళు తెరిచాడు, పైకి చూసి నా ముఖం వెతుక్కున్నాడు. తీసేయమని అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ముఖంలో ఉలికిపాటు కూడా లేదు. చాలా నెమ్మదిగా అడిగాడు.

“ఇంటికి చెప్పి పంపినారా, అబ్బోడా?”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈలోపు ఆయన కళ్ళ చివరలనుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. నాడి చూస్తున్న డాక్టరమ్మ ఒక్కసారిగా వంగి, గుండె ఎందుకింత వేగంగా కొట్టుకుంటోందని, ఏమైంది పెద్దాయనా అని అడిగింది. ఆమె టేపు ఆపేసి, ఏదో మందు ఎక్కించి, రెండు చేతులతో ఆయన చెంపలు పట్టుకుని, ఏమీ కాలేదు, బాగుంది, అంతా బాగుంది అని పదేపదే చెప్పింది. పెద్ద డాక్టరుగారు చేయి ఆపి చూశారు. నా పీట మీద టేపురికార్డరు ఉంది. దాని పక్కన నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. ఏం పాట అది అని ఆమె అడిగితే, “నాకేం తెలుసమ్మా, ఆయన తెచ్చుకునిందే పెట్టినా,” అన్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు చిన్నాయన లేచి తిరిగాడు. డాక్టరమ్మ ఆయన మంచం దగ్గరికి వచ్చి, అది ఎట్లాంటి పాటో కనుక్కోకుండా పెట్టి భయపెట్టాను, నా తప్పు, క్షమించండి అంది. చిన్నాయన నా వైపు చూడకుండా, పర్వాలేదు తల్లీ అన్నాడు. ఆ తర్వాత ఆమె టేపురికార్డరు తేలేదు. నేను అనుకున్నదే జరిగింది. పీట నాకు దొరికింది. కొన్ని నెలలకు ఆమె బదులు ఇంకొకరు వచ్చారు. ఆమె పోయేముందు ఒకరోజు ఆ నోటుపుస్తకం కిటికీలో మరిచిపోతే, తీసుకుపోయి మందులిచ్చే అతని చేత చదివించుకున్నాను. అందులో నా పేరు ఎక్కడా లేదు. పేషెంటు పేరు, ఇష్టమైన పాట, నాడి ఎంత కొట్టుకుంది, అంతే. చిన్నాయన పేరుకు ఎదురుగా మాత్రం, ఇష్టమైన పాట ఏదని అడిగితే చాలదు, ఏ పాట ఎప్పుడు పాడతారో కూడా అడగాలి అని రాసుకుందట. పుస్తకం మళ్ళీ కిటికీలోనే పెట్టి వచ్చాను. ఆమెను ఆపి నిజం చెప్పడానికి మెట్ల మీద ఇరవై అడుగులు పడతాయి. నేను వేయలేదు.

రెండేళ్ళకు ఒక మామిడికాపు రోజుల్లో తోటకు పోతే, చిన్నాయన గడ్డి పరిచి కాయలు పేరుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు. “ఆ పొద్దు తెలిసే పెట్టినావా, పొరబాటునా?”

పొరబాటున అన్నాను. ఆయన ఇంకో నాలుగు కాయలు పేర్చాడు.

“పొరబాటే అయ్యుంటాది. ఆ డాక్టరమ్మ పెట్టింటే నేనూ పొరబాటనుకుందును. నువ్వు పెట్టినావు కాబట్టి నమ్మినా. మనోడు, నోటితో చెప్పలేక ఇట్లా చెప్తా ఉండాడు అనుకున్నా.”

వచ్చేటప్పుడు ఒక తట్ట నిండా కాయలు కట్టించి ఇచ్చాడు. తిరునాళ్ళలో ఆయన తాళం ఎప్పటిలాగే మోగింది గానీ, చావింటి గుంపులో మాత్రం మళ్ళీ కూర్చోలేదని తర్వాత మా పిన్నమ్మ చెప్పింది. చాలా ఏళ్ళకు ఆయన పోయినప్పుడు ఆ వాకిట్లో అవే తత్వాలు పాడారు. నేను వినలేక తోటలోకి పోయి, కట్టె ఎత్తేదాకా చెట్ల మధ్య తిరిగాను.

మొన్న నా వంతు వచ్చింది. చెవులకు పెట్టేది చేత్తో పట్టుకుని నర్సమ్మ, ఏం పాట కావాలి తాతా అంది. చెక్కభజన అన్నాను. ఫోనులో వేలితో రెండు సార్లు తోసి ఎక్కడో ఒక గుంపుది వెతికి పెట్టింది. పాట సన్నగానే వస్తోంది, దాని వెనక డాక్టర్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఎవరి బిడ్డకో స్కూలు బస్సు తప్పిపోయిందట. అప్పుడూ ఇంతే కదా అనుకుంటే, నాకూ కళ్ళ నీళ్ళు చెవుల్లోకి దిగాయి. నర్సమ్మ తుడిచి, నొప్పిగా ఉందా అని అడిగింది.

వార్డుకు తెచ్చాక, కాళ్ళల్లోకి స్పర్శ వచ్చాక, పలమనేరు మనిషికి ఉన్నదంతా చెప్పాను. వాళ్ళమ్మకు ఆ మాట చెప్పింది నేనేననీ, అది అబద్ధమనీ, రేపు పాట పెట్టించుకోమనీ. ఇన్నేళ్ళలో ఆ నిజం నా నోటినుంచి బయటికి రావడం అదే మొదటిసారి.

“పొద్దున లోపలికి పోయేటప్పుడు బాగానే ఉంటివి గదన్నా,” అన్నాడు. “లోపల ఎవురు సెప్పి పంపినారు నీకు ఇట్లా సెప్పమని?”

తర్వాత గోడవైపు తిరిగాడు. మరునాడు పొద్దున ఆయన్ను తీసుకుపోతుంటే, కుట్లు పట్టుకుని స్ట్రెచరు పక్కన తలుపుదాకా నడిచాను. పాట వద్దని ఆయన అప్పటికే చెప్పేశాడు, పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. తల దగ్గర నన్ను ఒక్క పది నిమిషాలు కూర్చోనివ్వండి అని అడిగితే, ఆ పిల్లవాళ్ళు నవ్వి, ఇప్పుడు అట్లాంటివి లేవు తాతా అన్నారు. నిజమే, లేవు. ఏ ఊరి పాటైనా ఫోనులో దొరుకుతుంది, ఆ పాట ఏ ఇంటిదో తెలిసిన మనిషి తల దగ్గర ఉండడు. ఆ రోజుల్లో ఉండేవాడు. నుదుటి మీద చేయి వేసేవాడు, వాన పడిందా అని అడిగేవాడు, వాడున్నాడని నమ్మి జనం బల్ల ఎక్కేవాళ్ళు. తలుపు మూసుకుంది. లోపల ఆయన ఒళ్ళంతా చెవులు చేసుకుని పడుకుని ఉంటాడు, వాళ్ళమ్మలాగే, నేను చెప్పినట్టే.