చెయ్యి వేయకుండా వేసిన మార్కులు

2017 ఫిబ్రవరి. దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక ఊళ్ళో పశువుల డాక్టరుగా చేరి నాకు అప్పటికి రెండేళ్ళు. పశువు కనబడగానే దాని సంగతి చెప్పేయగలనన్న ధీమా బాగా ముదిరిన రోజులవి.

ఆ ఊళ్ళో సుబ్బాయమ్మగారికి పద్నాలుగు నాటు ఆవులుండేవి. పాలు పితికేవారు కాదు. పాలన్నీ దూడలకే వదిలేసి, అవి ఎదిగాక అమ్ముకోవడం ఆ ఇంటి పద్ధతి. ఆ ఏడు నాలుగు ఆవులు ఈని నెలలు గడిచినా ఎదకు రాలేదు. వాటిలో గౌరి ఒకటి. మందలో సగం దాని కడుపునో దాని కూతుళ్ళ కడుపునో పుట్టినవే. సోమవారం బేరగాడు వస్తున్నాడు, ఈ నాలుగింటినీ ఉంచాలో ఇచ్చేయాలో వచ్చి చెప్పమని ఆవిడ నాకు కబురు పెట్టారు.

పశువు ఒంట్లో ఎంత నిల్వ ఉందో చెప్పే లెక్కను మేం బాడీ కండిషన్ స్కోర్ అంటాం. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఒకటంటే ఎముకల గూడు, ఐదంటే తోక మొదట్లో కూడా కొవ్వు పేరుకున్న పశువు. మూడున్న ఆవు ఎదకు రాలేదంటే జబ్బో వయసో చూడాలి. రెండుకి పడిపోయిన ఆవుకి ముందు కావాల్సింది తిండి. తనకే చాలని ఒళ్ళు ఇంకో దూడను మోయడానికి సిద్ధపడదు.

నేను వెళ్ళేసరికి ఆవులన్నిటినీ శుభ్రంగా కడిగి, నుదుట బొట్టు పెట్టి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు పాక ముందు వరసగా కట్టేశారు. పొట్టలు నిండుగా ఉన్నాయి. నాకేమో ఆ రోజు ఇంకో రెండు ఊళ్ళలో టీకాలు వేసే పని ఉంది. దూరంగానే నిలబడి నోటుబుక్కులో మూడు, మూడు, మూడు అని వేసుకుంటూ పోయాను. గౌరికైతే మూడున్నర వేశాను.

"మేత లోపం లేదండీ. గౌరికి వయసైపోయింది. మిగతా మూడింటికీ లోపలేదో ఉంది. ఇచ్చేయండి" అన్నాను.

సుబ్బాయమ్మగారు తలూపి, గౌరి వైపు చూడకుండా నాకు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళారు. అప్పటిదాకా పలుపులు సర్దుతున్న వెంకన్నగారు నా దగ్గరికొచ్చారు. యాభై దాటిన మనిషి. ఆ మందను మేపేది ఆయనే.

"డాక్టరమ్మగారూ, ఒక్కదాని మీదా చెయ్యి వేసి చూళ్ళేదేంటండీ?"

నాకు ఒళ్ళు మండింది. "కనబడుతూనే ఉన్నాయిగా, ఎలా ఉన్నాయో."

"కనబడేది వరిగడ్డండి. మీరొస్తున్నారని అమ్మగారు పొద్దుట్నుంచీ మేపుతానే ఉన్నారు. ఆ పైన బకెట్లకి బకెట్లు కుడితి. రోజూ ఇంత ఎక్కడిదండి? పొలాల్లో మినుములున్నాయి, తోలుకెళ్ళడానికి చోటు లేదు. ఉన్న గడ్డి బలమైనవి తోసుకుని తినేస్తన్నాయి. ఈ నాలుగూ ఎనక్కి నిలబడిపోతాయండి."

మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయిన సుబ్బాయమ్మగారి మొహం చిన్నబోయింది. "బక్క గొడ్లని చూపిస్తే మేం తిండి పెట్టట్లేదనుకుంటారని సిగ్గేసిందమ్మా" అన్నారు.

సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు. వెళ్ళి గౌరి నడుం మీద చెయ్యి వేశాను. పిడికిలి బిగిస్తే లేచే కణుపుల్లాగా ఎముకల అంచులు ఒక్కొక్కటీ విడిగా తగిలాయి. తోకకు రెండు పక్కలా గుంటలు. రెండు మార్కులు కూడా రావు. మిగతా మూడూ అంతే. చేత్తో తడిమి చూడాలన్నది కాలేజీలో మాకు మొదట నేర్పిన పాఠం.

"నేను చెప్పింది తప్పండీ. బేరగాణ్ణి రావద్దనండి" అన్నాను.

"గౌరిని కూడా ఉంచమంటారా?"

"గౌరిని కూడా."

పద్నాలుగింటికీ చెయ్యి వేసి మళ్ళీ మార్కులు వేశాను. బక్కవాటిని విడిగా కట్టించి, తవుడు, మినప్పొట్టు, మూల మడిలో మేతకని చల్లిన పిల్లిపెసర ముందు వాటికే పెట్టించాం. నెలకోసారి వెళ్ళేదాన్ని. వెంకన్నగారు ముందే తడిమి చూసి తన మార్కు చెప్పేవారు. నా మార్కుకి పావు అటూ ఇటూ, అంతే. ఎండాకాలం చివర్లో రెండు ఆవులు ఎదకొచ్చాయి. ఒకటి రానేలేదు, దాన్ని ఇచ్చేశారు. గౌరి మాత్రం తొలకరి పడ్డాక వచ్చింది.

మరుసటి ఏడు ఎండలు ముదిరే వేళకి వెంకన్నగారు ఆస్పత్రికొచ్చి నా బల్ల మీద స్టీలు గిన్నె పెట్టారు.

"గౌరి ఈనిందండి. పెయ్యదూడ. జున్ను మీకిచ్చి రమ్మన్నారు అమ్మగారు."

పాలు పితకని ఆ ఇంట్లో నా కోసం జున్నుపాలు తీశారు. "మరి దూడకో?" అన్నాను.

"అది కడుపునిండా తాగి పడుకున్నాకే తీశామండి. మీ హస్తవాసి మంచిదని ఊరంతా చెబుతున్నారు అమ్మగారు."

"ఆ చెయ్యి వేయించింది మీరేగా" అన్నాను. ఆయన నవ్వి, "తినండి ముందు" అంటూ మూత తీశారు. తినబోతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు గుడివాడ వైపు పనిచేస్తున్నాను. ఏ పాకకు వెళ్ళినా నోటుబుక్కు తీసేముందు పశువు మీద చెయ్యి వేస్తాను. మేపే మనిషిని పిలిచి, ఈ పొద్దు ఏం పెట్టారని అడుగుతాను. నా కోపాన్ని లెక్కచేయకుండా ఉన్న మాట చెప్పినందుకు వెంకన్నగారికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఆయన నోరు విప్పకపోయుంటే ఆ సోమవారం గౌరి వెళ్ళిపోయేది, నా నోటుబుక్కులో మూడున్నర మార్కులతో.