ఒక్కసారీ ఫెయిల్ కాని కారు

ఇరవై రెండేళ్లు పిల్లల ప్రోగ్రెస్ కార్డులు రాసిన మనిషిని నేను. కాగితం చూస్తే చాలు, దాని వెనకాల ఉన్నదేమిటో చెప్పేయగలననుకునేదాన్ని. ఆ పొగరే మా తమ్ముడి కాలు తీసింది. ఇంట్లో ఎవరూ నన్ను ఈ మాట అనరు. అందుకే నేనే రాస్తున్నాను.

తమ్ముడు పదో తరగతితో చదువు మానేసి స్టీరింగ్ పట్టుకున్నాడు. తాడేపల్లిగూడెం టాక్సీ స్టాండులో ఏళ్ల తరబడి పరాయి కార్లే తోలాడు. పెళ్లిళ్లకి, ఆసుపత్రులకి, జంగారెడ్డిగూడెం పొగాకు వ్యాపారుల వెంట. ముప్పై అయిదు దాటాక సొంత కారు కొనుక్కోవాలన్న కోరిక పట్టుకుంది. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది అప్పటికి. కొత్తది కొనే తాహతు లేదు కనక పాత అంబాసిడరే చూసుకోవాలి. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా చర్చిలో ఇచ్చిన బాప్తిస్మం సర్టిఫికెట్ అయినా, ముందు నా చేతికే వచ్చేది. కారు కాగితాలూ అంతే.

"నువ్వు చదివి సరే అంటే కొంటానక్కా" అన్నాడు.

ఏలూరులో ఒకే రోజు రెండు కార్లు చూశాం. టాక్సీ కార్లకి ఏటా ఎఫ్.సి. ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని తోలి చూసి, ఇది రోడ్డు మీద తిరగొచ్చని కాగితం ఇస్తాడు. పాత కారు కొనేటప్పుడు ఆ కాగితాలన్నీ వరసగా చూసుకోమని తమ్ముడికి స్టాండులో చెప్పారట. మంచి సలహాయే. వాటిని చదవడానికి నన్ను పిలవకుండా ఉంటే బాగుండేది.

మొదటి కారు ఒక ముసలి డ్రైవరుది. సీట్లు చిరిగి ఉన్నాయి. కాగితాలు నూనె మరకల గుడ్డసంచిలో ఉన్నాయి. తొమ్మిదేళ్లలో రెండుసార్లు ఇన్‌స్పెక్టరు ఆ కారుని తిప్పి పంపాడు. ఒకసారి ఎడమవైపు వెనక చక్రానికి బ్రేకు పట్టడం లేదని, ఇంకోసారి స్టీరింగ్ వదులుగా ఉందని. తిప్పి పంపిన ఆ కాగితాలని కూడా ఆయన దాచాడు. ఒక్కోదానికీ షెడ్డు బిల్లు గుండుసూదితో గుచ్చి, దాని వెనక మళ్లీ పాసైన కాగితం పెట్టుకున్నాడు.

"దాచేదేముందండీ, ఏం చేయించానో అన్నీ అందులోనే ఉన్నాయండి" అన్నాడు.

నేను ఆ సంచిని రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చేశాను.

రెండో కారు నిగనిగలాడుతోంది. దాని ఓనరు కాగితాలని ప్లాస్టిక్ ఫైలులో పెట్టి తెచ్చాడు, ఏటికొకటి చొప్పున. తొమ్మిదేళ్లూ మొదటిసారికే పాస్. ఎక్కడా మరక లేదు, ఒక్క షెడ్డు బిల్లూ లేదు. బిల్లులు లేవంటే రిపేర్లు రాలేదని అర్థం చేసుకున్నాను. ఎన్నడూ పరీక్ష తప్పని పిల్లవాడి కార్డు చూసినంత ముచ్చటేసింది నాకు.

తమ్ముడు రెండు కార్లూ తోలి చూశాడు. రెండోది దిగి వచ్చి, మొహం కొంచెం అదోలా పెట్టాడు.

"పెడలు మెత్తగా ఉందక్కా. రెండోసారి తొక్కితేగానీ పట్టట్లేదు. ఒకసారి కిందకి దూరి చూస్తానుండు" అంటూ చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"పోయిన నెలే పాసైంది కదరా. ఇన్‌స్పెక్టరు కంటే నీకెక్కువ తెలుసా? అదైతే రెండుసార్లు తప్పింది. తప్పినదాన్ని ఎవరైనా కొనుక్కుంటారా?" అన్నాను.

ఓనరు ముందే అన్నాను, నవ్వుతూ అన్నాను. ఓనరూ నవ్వాడు. తమ్ముడు మడిచిన చేతులు విప్పేసుకున్నాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పలేక నా ముందు ఎలా తలొంచుకునేవాడో అలాగే తలొంచుకుని, "సరేలే అక్కా" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అమ్మ ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరిగింది. రెండు వారాల తర్వాత తమ్ముడు నా దగ్గరికి వచ్చి, "బ్రేక్ ఆయిల్ దిగిపోతోందక్కా, పోస్తే మళ్లీ దిగుతోంది" అన్నాడు. పిల్లల జవాబు పత్రాలు ముందేసుకుని ఉన్నాను. తలెత్తకుండానే, "కొన్న దగ్గర్నుంచీ దానికి ఏదో ఒక వంక పెడుతూనే ఉన్నావు" అన్నాను. పెళ్లిళ్ల సీజను అయ్యాక షెడ్డులో పెడతానన్నాడు. సీజను మధ్యలోనే జరిగింది.

కొల్లేటికోట అమ్మవారి దగ్గరికి ఒక కుటుంబాన్ని తీసుకెళ్తున్నాడు. రెండు వైపులా చేపల చెరువులు, మధ్యలో గట్టు రోడ్డు. చేపల మేత దించుతూ ఒక లారీ సగానికి పైగా రోడ్డుని ఆక్రమించి నిలబడి ఉంది. తమ్ముడు పెడలు తొక్కితే నేలకి ఆనుకుపోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ అంతే. పక్కకి తిప్పితే అయిదుగురితో సహా చెరువులో పడతాడు. తన వైపు లారీకి తగిలేలా పోనిచ్చాడు. వెనక కూర్చున్నవాళ్లకి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. వాడి కుడికాలు ఆ పెడలు మీదే నలిగిపోయింది. ఏలూరు ఆసుపత్రిలో మోకాలి పైకి తీసేశారు.

నుజ్జయిన కారుని ఏలూరులో ఒక షెడ్డుకి లాక్కొచ్చారు. షెడ్డు మేస్త్రి సాయిబుగారు, పెద్దాయన. నేను ఆ ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. తగువాడదామనే వెళ్లాను. తొమ్మిదేళ్లు పాసైన కారు ఇలా ఎలా అవుతుందని గట్టిగానే అడిగాను. ఆయన చేతులు తుడుచుకుని, కాగితాలన్నీ నెమ్మదిగా తిరగేసి చూశాడు.

"మేడమ్ గారండీ, ఎఫ్.సి. పూటకని మంచి టైర్లు అడిగి తెచ్చుకుని బిగిస్తారండి కొంతమంది. ఆయిల్ నిండా పోసి, బ్రేకులో గాలి తీసి పంపితే ఆ పూటకి బాగానే పడుతుందండి. సాయంత్రానికి టైర్లు ఎవరివి వాళ్లకి వెళ్లిపోతాయండి. ఇన్‌స్పెక్టరు గారికి కనపడేది ఆ పూట బండేనండి."

"ఇదీ అలాగేనా?"

"ఒట్టేసి చెప్పలేనండి. కానీ చక్రాల లోపల బ్రేకు విప్పే బోల్టులు ఏళ్ల తరబడి విప్పినట్టు లేదండి, తుప్పుకి కరుచుకుపోయాయి." నా మొహం చూడకుండా అన్నాడు. "ఇంత పాత బండి ఏ ఏడూ తప్పకుండా ఉండదండి. తిప్పి పంపిన కాగితం ఉందంటే రోగం బయటపడిందని, మందు పడిందని అర్థమండి. మేమైతే అలాంటి కాగితాలున్న బండే ఏరుకుంటామండి."

గుండుసూదితో గుచ్చిన ఆ బిల్లులు కళ్ల ముందు కదిలాయి. తగువు సంగతి మర్చిపోయాను. షెడ్డు బయట రోడ్డు మీదే ఏడ్చాను.

తమ్ముడు నన్ను తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. తిట్టలేదు. మరదలూ ఏమీ అనలేదు, అన్నం పెడుతూనే ఉంది. అమ్మ మాత్రం దేవుడి చిత్తం అంటుంది. దేవుడు నోరెత్తకపోయినా పెడలు మెత్తగా ఉందని తమ్ముడు చెప్పాడు కదా. విననిది నేను.

ఏడాది తర్వాత వికలాంగుల సర్టిఫికెట్ కోసం ఏలూరులో డాక్టర్ల ముందు హాజరయ్యాం. కాగితం ఇంగ్లీషులో ఇచ్చారు. బస్టాండులో బెంచీ మీద చంక కర్రలు పక్కన పెట్టుకుని, తమ్ముడు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నా చేతికిచ్చాడు. అంత జరిగాక కూడా నాకే ఇచ్చాడు.

"ఏమని రాశారక్కా?"

"శాశ్వతమని రాశారు. మళ్లీ చూపించుకోవాల్సిన అవసరం లేదట."

వాడు చంక కర్రలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ కాగితం నమ్మొచ్చా అక్కా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. వాడికి ఎత్తిపొడవడం చేతకాదు, నిజంగానే అడిగాడు. మడిచి పిన్నీసు పెట్టిన ప్యాంటు కాలు నా మోకాలికి తగులుతోంది.

"నమ్మొచ్చురా" అన్నాను.