నాపరాయి బిళ్ళల కోసం మాచర్ల దాకా

ఫోన్లో చైనా చదరంగం ఆడీ ఆడీ నాకు తలపొగరెక్కిన రోజులవి. మాచర్లలో ఏసురత్నం అనే పాత ఫిట్టర్ నాపరాయితో ఆ ఆటకు పావులుగా వాడే బిళ్ళలు చెక్కుకున్నారని, తన మీద గెలిచినా, కనీసం డ్రా చేసినా వాటిని ఇచ్చేస్తానంటున్నారని తెలిసింది. డ్రా చేయడం ఎంత పని అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ మండుతోంది.

నరసరావుపేటలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే తొమ్మిది దాటాక మాచర్ల చేరాను. బస్టాండు బయట షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. సంగతి చెప్పగానే డ్రైవరు నవ్వాడు. "ఏసురత్నం బాబాయి కాడికా? అందరూ గెలిచేటట్టే పోతారు, వట్టి చేతుల్తో వొస్తారు." నాకు ఒళ్ళు మండింది.

ఏసురత్నం గారి కళ్ళకు పొరలు కమ్మాయి. బిళ్ళ మీద చెక్కిన అక్షరాన్ని వేలితో తడిమి అది ఏ పావో గుర్తుపడతారు. ఒకప్పుడు తాను పనిచేసిన ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన చైనావాళ్ళ దగ్గర ఈ ఆట నేర్చుకున్నారట. కూర్చోగానే రూల్సన్నీ తెలుసా అని అడిగారు. టీ తాగాక మళ్ళీ అడిగారు. పదిహేనేళ్ళుగా పిల్లలకు చెస్ నేర్పుతున్న నన్నా అడిగేది? తెలుసని కసిరినట్టే చెప్పాను.

గంటన్నరలో నా బలగమంతా ఊడ్చుకుపోయింది. రాజు, ఒక్క ఫిరంగి మిగిలాయి. అప్పుడు నాకొక ఎత్తు తట్టింది. ఈ ఆటలో రాజు తన తొమ్మిది గళ్ళ కోట దాటకూడదు, ఐమూలగా నడవకూడదు; నా రాజు కోట మూలన ఉన్నాడు. ముందుగడిని ఆయన రథం కాస్తోంది. పక్కగడిలోకి జరిగితే రాజులిద్దరూ అడ్డు లేకుండా ఎదురుపడతారు, ఈ ఆటలో అది కుదరదు. ఆ ఫిరంగి కూడా పోతే నాకిక ఎత్తే ఉండదు. మన చెస్‌లో అలాంటప్పుడు ఆట డ్రా. అందుకని ఫిరంగిని కావాలనే ఆయన గుర్రానికి తినిపించి, డ్రా అన్నాను.

ఆయన వేళ్ళతో బల్లంతా తడిమారు. "ఈ ఆటలో కదల్లేనోడు ఓడినట్టే సారూ. అందుకేగా రెండుసార్లు అడిగింది."

నేను ఒప్పుకోలేదు. గొంతు పెంచి వాదించాను. చివరికి ఫోన్ తీసి, ఇన్నాళ్ళూ చదవకుండా దాటేసిన రూల్స్ పేజీ తెరిచాను. ఆయన చెప్పిందే ఉంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చెప్పులేసుకున్నాను.

ఆయన బిళ్ళలను గుడ్డసంచిలో వేసుకుంటూ మెల్లగా అన్నారు. "కళ్ళు చానా మసకైనయ్. ఎవురికన్నా ఇచ్చేద్దామనే చూస్తన్నా. వొచ్చినోళ్ళంతా తెలుసంటారు. ఎట్టా ఆడాలో చెప్పమని ఒక్కడూ అడగడు."

తిరుగు బస్సులో దారి పొడుగునా పళ్ళు కొరుక్కుంటూనే వచ్చాను. ముందు ఆయన మీద, తర్వాత ఫోన్ మీద, నరసరావుపేట దగ్గరపడ్డాక నా మీద. పిల్లలకు నేను మొదటి రోజు చెప్పే పాఠం, తెలియనిది అడగమనే.

మీరు వెళ్ళాలనుకుంటే పొద్దున బస్సే మంచిది, ఎండ ముదరకముందే చేరతారు. రూల్స్ తెలుసా అని ఆయన అడిగితే, తెలియదని చెప్పండి.