శంకరంపేట మామ, అమావాస్య పోటు

మా నర్సింలు మామ కుడి కంటికి పొర కమ్మింది. ఎడమది అప్పటికే సగం రిటైరైంది. ఆపరేషన్‌కు దవాఖాన వాళ్లు మొదట ఇచ్చిన రోజు అష్టమి. మామ వద్దన్నాడు. రెండోసారి వచ్చే నెల అమావాస్య ఇచ్చారు.

"చందమామనే లేని దినం కన్ను కోయించుకుంటే ఏం కనబడ్తదిరా అల్లుడా?" అన్నాడు.

ఇంకా ముదిరితే చేతులెత్తేస్తామని డాక్టరు చెప్పి ఉన్నాడు. మామ శంకరంపేట రైతు. నేను మెదక్‌లో బీఎస్సీ ఫిజిక్స్ చదివి జిరాక్స్ దుకాణం నడుపుతున్నవాణ్ణి. చదువు అక్కరకొచ్చే సందర్భం ఇన్నేళ్లకు దొరికింది.

"ఉంటడు మామా. ఆ దినం సూర్యుని దిక్కుకు పోతడు. ఎలుగు పడే మొఖం అటు, మనకు వీపు. అంతే. గుంజుడు మాత్రం ఆపడు. సముద్రాన్ని గుంజుతనే ఉంటడు."

"ఏదీ, చూపియ్యి."

సముద్రాన్నే చూపిద్దామని, ఈ నెల అమావాస్యకు ఒకరోజు ముందు మధ్యాహ్నం, మెదక్ బస్టాండులో సికింద్రాబాద్ బస్సెక్కాం. అమావాస్య నాడు ప్రయాణం కట్టరాదు. దిగడానికి మాత్రం అభ్యంతరం లేదని మామ తీర్పు.

నర్సాపూర్ అడవి దగ్గర మామ అడిగాడు: "గంతగనం గుంజుకుంటే, చంద్రుడు మన మీద పడకుండ ఎట్లున్నడు?"

"పడుతనే ఉన్నడు. కని పక్కకు గూడ ఉరుకుతున్నడు. పడ్డప్పుడల్లా భూమి తప్పిపోతది. గట్లనే చుట్టూ తిరుగుతున్నడు."

"పడుకుంట ఉరుకుడా? మన డ్రైవర్ లెక్కనా?"

బస్సు అప్పుడే ఒక మలుపును నమ్మకం మీద తిరిగింది. ముందు సీటులో చర్చి బడి టీచరమ్మ వెనక్కి తిరిగి, "మా ఈస్టర్ గూడ పున్నమి చూసే పెడ్తరు. మంచిగ చెప్తున్నరు, చెప్పుండ్రి," అంది. నా చదువుకు దొరికిన మొదటి ప్రోత్సాహం అదే.

సికింద్రాబాద్‌లో బాపట్ల మీదుగా పోయే రాత్రి రైలు. మామకు కింది బెర్తు దొరికింది. ఇంటి నుంచి తెచ్చిన జొన్న రొట్టెలు తిన్నాక అసలు ప్రశ్న వేశాడు.

"మరి మన చెరువుల నీళ్లెందుకు లేస్తలేవు?"

ఈ ప్రశ్న నన్ను కాలేజీలో ఎవరూ అడగలేదు. అడిగితే డిగ్రీ వచ్చేది కాదేమో. "దగ్గరి నీళ్లను ఎక్కువ, దూరపు నీళ్లను తక్కువ గుంజుతడు మామా. ఆ తేడాకే సముద్రం ఉబ్బుతది. మన చెరువు ఈ దరి నుంచి ఆ దరికి ఎంతుంటది? చంద్రునికి రెండూ ఒక్కటే."

"అంటే మన చెరువు ఆయన లెక్కల్నే లేదన్నట్టు." మామ చిన్నబుచ్చుకున్నాడు.

"అమావాస్యకు సూర్యుడు, చంద్రుడు ఒక్క దిక్కు నుంచి గుంజుతరు. పోటు పెద్దగొస్తది. అష్టమికి చెరో దిక్కు, అందుకే చిన్నగొస్తది."

"నేను అష్టమి వద్దన్నది గందుకే," అని దుప్పటి కప్పుకున్నాడు.

తెల్లవారి బాపట్లలో దిగి, ఆటోలో సూర్యలంక చేరాం. మామ సర్వి చెట్టు కొమ్మ ఒకటి తెచ్చి నీళ్ల అంచున పాతాడు. చెరువు ఎంత నిండిందో చూడటానికి మావైపు ఇలాగే కట్టె పాతుతారు. వారం తర్వాత వచ్చి, ఎన్ని వేళ్లు ఎక్కిందో చూసుకుంటారు. కట్టెకు తువ్వాల కట్టి, కింద కొత్త చెప్పులు విడిచాడు. చెరువు దగ్గర అలవాటది.

వల బాగుచేసుకుంటున్న ఆయన కేకేశాడు. "ఏవండీ, చెప్పులు పైన పెట్టుకోండి. ఇయాళ అమాస పోటు."

"నీళ్లు తెల్వనోన్నా నేను?" అన్నాడు మామ, నాతో.

టిఫిన్ చేసి, టీ తాగి, పొద్దెక్కాక తిరిగొచ్చాం. మామ నా భుజం పట్టుకుని కట్టె వైపు నడిచాడు. అనుకున్నదానికంటే చాలా ముందే పాదాలకు నీళ్లు తగిలాయి. ఆగాడు. ఇంకా నడిచాడు. మోకాళ్ల దాకా వచ్చాయి. చేతులతో తడిమితే తడి తువ్వాల దొరికింది. వంగి కింద వెతికాడు. చెప్పులు లేవు.

"ఇయ్యాల అమాసనేనా?"

"అవును మామా."

మొఖం పైకెత్తాడు. "యాడున్నడు?"

"సూర్యుని పక్కకే. ఆ ఎండల్నే."

"నీకు కనబడ్తుండా?"

"లేదు."

చంద్రుణ్ణి చూసే విషయంలో ఆ పొద్దు ఇద్దరం సమానమే. మామ చాలాసేపు ఆ నీళ్లలోనే నిలబడ్డాడు. ఒక్కో అల వచ్చి, కొలత చూసినట్టు ఆయన మోకాలు తాకి పోతోంది.

"లేడనుకున్నోడు కొత్త చెప్పులు ఎత్కపోయిండు గదరా," అన్నాడు చివరికి.

వల ఆయన నవ్వలేదు. మర్యాదస్తుడు. "మజ్జాన్నానికి నీరు తీస్తదండి. అప్పుడు వెతుక్కోండి," అన్నాడు.

మధ్యాహ్నం సముద్రం వెనక్కి తగ్గింది. మా కట్టె పొడి ఇసుకలో, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. దూరంగా ఎడమకాలి చెప్పు దొరికింది. రెండోది దొరకలేదు.

లాడ్జిలో ఉండి పాడ్యమి వెళ్లాకే బయల్దేరుదామన్నాను. మామ వినలేదు. "చంద్రుడే పని బంద్ పెట్టలే గద. మనమెందుకు ఆగాలె?" ఆ రాత్రే రైలెక్కాం. అమావాస్య నాడు మామ కట్టిన మొదటి ప్రయాణం అది. రైలు సమయానికి రావడం ఆయన్ను కొంత కలవరపెట్టింది.

పొద్దున మెదక్ బస్సులో కూర్చున్నాక, ఫోన్ కలపమని దవాఖానతో తనే మాట్లాడాడు. "నర్సింలును మాట్లాడుతున్న. తారీఖు మార్చకుండ్రి. గదే అమాసకు వస్త."

సూర్యలంక పోవాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: చెప్పులు పైన పెట్టుకోండి. మామ మాత్రం ఆ ఒంటి చెప్పును దారి పొడుగునా ఒడిలోనే పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు.

"కన్నొచ్చినంక ఇంకోపారి పోదాంరా అల్లుడా. పున్నానికి. మొఖం చూసి రెండోది అడగాలె."