అడిగితే ఆపేస్తారు

మరక్కకు కోపం ముందు చేతుల్లోకి వచ్చేది. వేళ్ళు బిగుసుకునేవి, ఆ తర్వాతే నోరు తెరుచుకునేది. ఆ మధ్యాహ్నం పిండిమర గుమ్మంలో నిక్కరు వేసుకున్న ఒక కుర్రాడు నిలబడి, ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితాన్ని ఆమె ముఖం ముందు ఆడించినప్పుడు ఆమె చేతుల్లో గోధుమల తట్ట ఉంది. తట్ట అంచులో ఒక పుల్ల పటుక్కున విరిగింది.

"ఆంటీ, కొంచెం మర ఆపుతారా? మేం పడుకోవాలి."

"ఏం నాయనా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఇందులో రాశారు కదా, అడిగితే ఆపేస్తారని."

ఆమె తట్ట దించి, పిండి చేతులు చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. పక్కింట్లో దిగే అతిథుల కోసం తమ్ముడు అచ్చు వేయించిన సమాచారం అది. తాళం ఎలా తిప్పాలి, స్టవ్ ఎలా వెలిగించాలి, వేడినీళ్ళకు ఎంత ముందు స్విచ్ వెయ్యాలి. దాని కింద ఇలా ఉంది: 'పిండిమర: పక్కనే. చప్పుడు ఇబ్బందిగా ఉంటే అడగండి, ఆపేస్తారు. ఉప్పు, అగ్గిపెట్టె, బకెట్ వంటివి కూడా అక్కడే తీసుకోవచ్చు. మనవాళ్ళే.' దాని కింద, చెత్త ఏ బుట్టలో వెయ్యాలో.

వేడినీళ్ళకూ చెత్తబుట్టకూ మధ్య తను.

"రాసినవాణ్ణి వచ్చి ఆపమను," అంది మరక్క. కుర్రాడు నవ్వాలో వద్దో తేల్చుకోలేక, కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు మిగల్లేదు; పిండిమర అక్క కాబట్టి అందరికీ మరక్కే. కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు ఆమె చేతిని పిండి పడే గుడ్డ గొట్టం కింద పెట్టించి, కళ్ళు మూసుకోమనేది. పిండి వేడిగా తగిలితే రాళ్ళు మరీ దగ్గరైనట్టు. బరకగా తగిలితే దూరమైనట్టు. "కాపురమూ అంతేనే పిల్లా," అని నవ్వేది ఆ పెద్దావిడ. భర్త ఎప్పుడైనా ఆమె జడ మీద పిండి దులిపి, "ఇప్పుడే ముసలిదానివయ్యావే," అనేవాడు. తర్వాత జుట్టు నిజంగానే నెరిసింది. దులపడానికి ఆయన లేడు.

ఆయన పోయినప్పుడు మర ఆగింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు. గోడలు ఒక్కసారిగా పక్కకు జరిగి, గది పెద్దదైపోయినట్టు ఉండేది. బెల్టు వేలాడుతూ, తొట్టి నోరు తెరుచుకుని, ఎలుక నడిచినా వినిపించేది. ఒక పొద్దున ఇక భరించలేక లేచి, ఎవరినీ అడక్కుండా మీట పైకెత్తింది. రాళ్ళు తిరిగాయి. గోడలు మళ్ళీ దగ్గరికి వచ్చాయి. బంధువులు నోళ్ళు నొక్కుకున్నారు. ఆమె మాత్రం ఆ రోజే మొదటిసారి కడుపునిండా అన్నం తింది.

ఆ ఇంటి పక్కనున్న కాంపౌండరుగారి ఇల్లు అమ్మకానికొస్తే, సిటీవాళ్ళకు రోజుల లెక్కన అద్దెకిద్దామని తమ్ముడు కొన్నాడు. సిటీలో ఏదో కంపెనీలో మేనేజరు వాడు. గోడలకు తెల్ల సున్నం, వరండాలో ఉయ్యాల, పెరట్లో కొత్త గడ్డి. గేటుకు బోర్డు: 'నిశ్శబ్దంలో రెండు రోజులు.' బోర్డు బిగిస్తున్నప్పుడు పక్కన మర గడగడలాడుతూనే ఉంది. మేకులు కొట్టే మనిషి బోర్డు చదివి, మర వైపు చూసి, మళ్ళీ బోర్డు చదివాడు.

మొదట దిగింది ఒక ముసలి జంట. ట్యాంకులో నీళ్ళయిపోతే మరక్కే రెండు బిందెలు మోసి ఇచ్చింది. "ఏం కావాలన్నా అడగండమ్మా, మొహమాటపడకండి," అంది. ఎవరైనా అనే మాటే అది. అవతలివాళ్ళు "అయ్యో, వద్దండీ" అనడానికి వీలుగా అనే మాట. తమ్ముడు ఆ పక్కనే నిలబడి విన్నాడు. వాడి కళ్ళు మెరిశాయి. అక్క మంచితనానికి మురిసిపోతున్నాడనుకుంది.

తర్వాత ఒకళ్ళు ఉప్పుకొచ్చారు. ఒకళ్ళు బకెట్‌కొచ్చారు. గుమ్మం దగ్గర ఆగి పిలవడం కూడా లేకుండా నేరుగా వంటింట్లోకే వచ్చి, "అగ్గిపెట్టె ఎక్కడుంటుందండీ?" అన్నారు ఇంకొకళ్ళు. సిటీవాళ్ళకు ఎంత చనువో అని ఆశ్చర్యపోయింది గానీ నొచ్చుకోలేదు. ఒకావిడ వచ్చి చప్పుడు ఆపమంటే, పాపం తలనొప్పేమో అనుకుని ఆపింది. ఇంకోసారి ఇంకొకళ్ళడిగితే వాళ్ళకూ ఆపింది.

మర ఆపడమంటే రేడియో ఆపడం కాదు. నడుమ ఆపితే రాళ్ళ మధ్య గింజ ఇరుక్కుంటుంది, మోటారు మూలుగుతుందే గానీ తిరగదు. పైరాయి విప్పాలి, దులపాలి, మళ్ళీ బిగించాలి. అంతసేపూ జనం గుమ్మంలో నిలబడి ఉంటారు. నిలబడి నిలబడి, బస్టాండు దగ్గర కొత్తగా వచ్చిన మరకు పోతారు. అలా పోయినవాళ్ళు తల దించుకుని ఆమె ఇంటి ముందునుంచే నడిచేవాళ్ళు. ఇక బేకరీ ఆయన కూడా పోతే మర మూసుకోవాల్సిందే. ఆయన గోధుమలే ఆ మరకు ఊపిరి.

కుర్రాడు వెళ్ళిపోయాక వరుసలో ఉన్న బేకరీ ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నేనేదో అంటున్నానని కాదు. మొన్న పిండి ఆలస్యమైంది. పిండి లేటైతే నా రొట్టె లేటు. మా ఇంటావిడ బస్టాండు మర పేరెత్తుతోంది."

"నీ ఇంటావిడకు చెప్పు, ఇక ఆగదని."

వరుసలో వెనకున్న పాలావిడ చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓ పని చెయ్యక్కా. ఓ బస్తా ఎండుమిరపకాయలు పోసి ఆడించు. ఆ నిశ్శబ్దం ఇంట్లో అందరూ తుమ్ముకుంటూ పరిగెత్తుతారు."

"బాగానే ఉంది. ఆ తర్వాత ఈయన గోధుమలు పోస్తే రొట్టె తిన్నవాళ్ళూ పరిగెత్తుతారు. రాళ్ళు ఎవరు కడుగుతారు, నువ్వొస్తావా?"

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నన్నెందుకు రాశావురా ఆ కాగితంలో?"

"అయ్యో అక్కా, అదా! మనవాళ్ళ మధ్య అదేం మాట? ఏం కావాలన్నా అడగమన్నది నువ్వే కదా."

"నేనన్నది వాళ్ళ మొహం చూసి. వాళ్ళు బిందె పట్టుకుని నా ఎదురుగా ఉన్నారు. నువ్వు అచ్చేసింది దారినపోయే ప్రతివాడికీ!"

ఫోన్ మరదలు అందుకుంది. గొంతులో తేనె. "వదినా, మీకు తెలీదు. వచ్చినవాళ్ళంతా నెట్‌లో మీ గురించే రాస్తున్నారు. పక్కింటి ఆంటీ చాలా స్వీట్ అని. మీ వల్లే మన ఇంటికి ఇన్ని స్టార్లు."

"ఆ స్టార్లు మీ ఆయన నెత్తిన అతికించుకోమను. నా పేరు తీసెయ్యండి."

"తీసేస్తాం వదినా, తప్పకుండా."

తీసేశారు. కొత్త కాగితం వచ్చింది, ఈసారి రంగుల్లో. పక్కిల్లు ఊడ్చే మనిషి తెచ్చి చూపించింది, మురిపెంగా, "అక్కా, నీ ఫోటో పడింది!" అంటూ. మేనకోడలు వచ్చి తన ముక్కుకు పిండి పూస్తే మరక్క పగలబడి నవ్విన ఫోటో. మేనకోడల్ని కత్తిరించేశారు. నవ్వు మాత్రం ఉంది, ఎవరిని చూసి నవ్విందో తెలియకుండా. కింద: 'మా ముద్దుల అక్క. చప్పుడు ఇబ్బందైతే ఒక్క చిరునవ్వుతో అడగండి చాలు, ఆపేస్తారు.'

ఆ కాగితాన్ని చింపబోయింది. చిరగలేదు. తొడుగు వేసిన కాగితం వంగింది, మెలితిరిగింది, మళ్ళీ లేచి ఆమె ముఖంలోకి ఆమె నవ్వే నవ్వింది. పళ్ళు నూరుతూ దాన్ని తొట్టి వెనక్కి విసిరేసింది. తీసుకెళ్ళిన బకెట్లు తిరిగి రాకపోయినా ఇంత మండలేదు. నిజంగా తలనొప్పితో ఒకరు గుమ్మంలోకి వచ్చినా, తను మర ఆపితే అది ఇక తన మనసు కాదు. తమ్ముడి కాగితం మాట చెల్లినట్టవుతుంది. ఆమె చెయ్యబోయే మంచిని ఆమెకంటే ముందే ఎవరో చేసేసి, సంతకం పెట్టుకుపోయారు.

ఆదివారం తమ్ముడే దిగాడు. పై ఆఫీసరును కుటుంబంతో సహా వెంటబెట్టుకొచ్చాడు. ఆదివారమే మరకు రద్దీ. బేకరీ ఆయన బస్తాలు గోడకు చేరేసి ఉన్నాయి, పాలావిడ డబ్బా మీద కూర్చుని ఉంది, వెనక ఇంకో నలుగురు. తొట్టి నిండుగా ఉంది. రాళ్ళు మంచి ఊపులో తిరుగుతున్నాయి. గాలిలో పిండి, కిటికీలోంచి పడే ఎండలో తెల్లటి పొగమంచులా నిలబడింది. ఆ పొగమంచులోకి ఇస్త్రీ చొక్కాతో తమ్ముడు దిగబడ్డాడు.

"అక్కా, ఒక్క గంట. సారు భోంచేసి నడుం వాల్చారు. ఒక్క గంట ఆపెయ్."

ఆమె వినబడనట్టు తొట్టిలో చెయ్యి తిప్పింది.

"నా ప్రమోషన్ సంగతక్కా. ప్లీజ్. వీళ్ళకేం, కాసేపాగి వస్తారు."

వరుస మొత్తం వాడి వైపు తిరిగింది. "వీళ్ళంటే ఎవరు బాబూ?" అంది పాలావిడ. "చిన్నప్పుడు సెలవులకు అక్క ఇంటికొస్తే నీకు పాలు పోసింది నేనే. నీళ్ళు కలపకుండా."

"అబ్బ, మీరుండండి పిన్నీ. అక్కా, నిన్నడుగుతున్నాను."

అప్పుడు తిరిగింది మరక్క. చేతులు రెండూ తెల్లగా, పిడికిళ్ళు.

"అడుగుతున్నావా? దీన్ని అడగడమంటారా? జవాబు ముందే అచ్చేయించి, రంగులేయించి, నా పళ్ళు కనబడేలా ఫోటో పెట్టి, ఇప్పుడొచ్చి అడుగుతున్నావా? కాదనడానికి నాకేమన్నా చోటుంచావురా? ఈ మర నా కూతుర్ని చదివించింది. మీ బావ పోయినప్పుడు ఇది ఆగితే, ఈ ఇంట్లో నేను గోడలకేసి మాట్లాడుకున్నాను. ఎప్పుడొచ్చావు నువ్వు? కర్మకాండకొచ్చి బస్సు టైమని పోయావు. అప్పుడు మనవాళ్ళు కామా? ఉప్పుకీ బకెట్‌కీ అయితే మనవాళ్ళమా?"

"అందరి ముందూ ఎందుకక్కా..."

"నువ్వు నన్ను ఊరందరి ముందూ పెట్టలేదా! ఫోన్ తియ్యి. తీసి రాయి, నేను చెప్తాను. పక్కన పిండిమర ఉంది. ఆడుతుంది."

తమ్ముడు ఫోన్ తీశాడు.

"పగలంతా ఆడుతుంది, అని కలుపు," అన్నాడు బేకరీ ఆయన.

"గుమ్మంలో ఆగి పిలవాలి, వంటింట్లో దూరకూడదు, అని కూడా," అంది పాలావిడ. "నిక్కర్ల సంగతి కూడా రాయించక్కా."

"నిక్కర్లు వాళ్ళిష్టం," అంది మరక్క. "ఫోటో తీసెయ్యి. చిరునవ్వు తీసెయ్యి. ఉప్పు కొట్లో దొరుకుతుందని రాయి. రాశావా? చదువు."

వాడు చదివాడు, బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు. అప్పుడే మరదలు పరుగున వచ్చింది, చెప్పులు కూడా లేకుండా.

"ఏమండీ, ఆపించేశారా? వద్దొద్దు! సారు గాఢంగా నిద్రపోతున్నారు. ఈ చప్పుడుకేనట. వాళ్ళావిడ చెప్పింది, ఇంట్లో కూడా ఫ్యాను మోగకపోతే నిద్ర పట్టదట ఆయనకి. వదినా, దయచేసి ఆపకండి. కొత్త చోట నిద్ర మధ్యలో లేస్తే చెడ్డ చిరాకట."

పాలావిడ డబ్బా మీదినుంచి జారిపడేంతగా నవ్వింది. వరుసంతా నవ్వింది. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. మరక్క నవ్వలేదు. కోపం ఇంకా వేళ్ళలోనే ఉంది.

"తొట్టిలో గింజలున్నంతసేపూ ఆడుతుంది," అంది.

ఆడింది. బేకరీ ఆయన బస్తాలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి, మిగతావాళ్ళ డబ్బాలు నిండాయి. తమ్ముడు గుమ్మాన్నే పట్టుకుని నిలబడ్డాడు, తొట్టిలో గింజ దిగిపోతున్న కొద్దీ మెడ చాచి చూస్తూ. చివరి గుప్పెడు రాళ్ళ మధ్యకు జారింది. చప్పుడు పల్చబడింది.

"అక్కా, కాసేపు ఖాళీగా తిప్పవే. ఆయన లేచేదాకా."

"ఖాళీగా తిప్పితే రాయిని రాయి తింటుంది."

"ఈ ఒక్కసారికక్కా."

ఆమె మీట మీద చెయ్యి వేసి, తమ్ముడి ముఖంలోకి చూసింది. వాడు నిజంగా అడుగుతున్నాడు ఇప్పుడు. ఆ కళ్ళలో భయం ఉంది, ఆమె ఏమంటుందో తెలియని భయం.

"కుదరదురా," అంది.

మీట దించింది. బెల్టు నెమ్మదించింది, రాళ్ళు ఒక మూలుగుతో ఆగాయి. పెరట్లో కాకి అరుపు దగ్గరగా వినిపించింది. పక్కింటి వరండాలోంచి ఉయ్యాల గొలుసు కిర్రుమంది. ఎవరో పెద్దగా ఆవులించి, "ఏమైందక్కడ?" అన్నారు. తమ్ముడూ మరదలూ ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తారు.

మరక్క తొట్టి వెనక పడున్న కాగితం తీసింది. దాని అంచు నున్నగా, గట్టిగా, పదునుగా ఉంది. పిండి పెట్టె మూలల్లో ఎప్పుడూ చెయ్యి అందని చోట అంటుకున్న పిండిని ఆ అంచుతో గీకి, బేకరీ ఆయన సంచిలోకి దులిపింది. తన నవ్వు మీద పిండి పేరుకుంది. మళ్ళీ గీకింది.

"ఎల్లుండి పొద్దున్నే వస్తా అక్కా," అన్నాడు బేకరీ ఆయన, సంచి భుజానికెత్తుకుంటూ.

"రా. ఆడుతూనే ఉంటుంది."