నడిచి వెళ్ళే మనిషి

పాస్టర్ దేవదానం గారికి సన్మానం చేయాలని ఆయన పేరు మీద వెలసిన సేవాసంఘం తీర్మానించింది. దానికి ఆయన ఒప్పుకున్నారో లేదో ఎవరికీ తెలియదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయి అప్పటికి ఏడాది. విషయం చెబితే తల ఊపారు. అది అవునో కాదో తేలకముందే సంఘం అధ్యక్షుడు రామ్మోహన్ గారు శాలువా కొనేశారు. మనవాళ్ళకు ఒక మనిషి మీద గౌరవం పుట్టిందంటే చెయ్యి ముందు శాలువా మీదికే పోతుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం. సాయంత్రం నాలుగింటికి సభ. మధ్యాహ్నం ఒంటిగంటకు కెనడాలో, గ్వెల్ఫ్ ఊరి కమ్యూనిటీ హాల్లో కుర్చీలు సర్దుతున్న కావ్యశ్రీకి ఫోన్ వచ్చింది. ఆమె సంఘం కార్యదర్శి. ఐదేళ్ళ కిందట కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేసింది అచ్యుత్ అనే స్టూడెంట్.

"అక్కా, దీక్షిత్ లేడక్కా. పొద్దున మిల్టన్ వేర్‌హౌస్‌ల షిఫ్ట్‌కి పోతుంటే హైవే మీద ట్రక్ గుద్దింది. ఇప్పుడే పోలీసులు రూమ్‌కొచ్చి చెప్పి పోయిన్రు, బాడీ ఆస్పత్రిల ఉంచిన్రంట. ఇంటి దగ్గర ఎవ్వరికీ తెల్వదక్కా."

కావ్యశ్రీ చేతిలోని కుర్చీని అలాగే నేలకు దించింది. దీక్షిత్‌ను ఆమె ఎరుగును. సెప్టెంబరులో వచ్చినవాడు, ఇరవై రెండేళ్ళు. మెట్‌పల్లి పక్క పల్లెలో తల్లి జానకమ్మ బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. తండ్రి పోయి చాలా కాలమైంది. "మా అమ్మకు అలారం అక్కర్లే. పొద్దున ఐదింటికి నా మెసేజ్ చూసినంకనే పొయ్యి ముట్టిస్తది" అని సంఘం పెట్టిన విందులో వాడే చెప్పాడు.

ఇక్కడ ఒంటిగంట అంటే అక్కడ రాత్రి పదకొండున్నర. జానకమ్మ లేవడానికి ఐదున్నర గంటలుంది. లేవగానే ఫోన్ అందుకుంటుంది. ఈలోగా ఎవరో ఒకరు ఆమె పక్కన వెళ్ళి కూర్చోవాలి. లేకపోతే ఆ కబురు ఆమెకు చీకట్లో, ఒంటరిగా, ఎవడో పెట్టిన స్టేటస్‌లో కనబడుతుంది. 

ఇలాంటప్పుడు ఏం చేయాలో తెలిసిన మనిషి దేవదానం గారు. ఆయన పాస్టర్ కాకముందు, పందొమ్మిదేళ్ళప్పుడు, రేపల్లెలో టెలిగ్రాములు పంచేవారు. ఒకనాడు పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్న ఒకావిడకు టెలిగ్రాం తీసుకువెళ్ళారు. ఆమెకు చదువు రాదు. "నువ్వే చదివిపెట్టు నాయనా" అంది. ఈయన చదివేశారు. లారీ మీద వెళ్ళిన ఆమె మొగుడు నాగపూర్ దగ్గర పోయాడని. ఆవిడ నిలువునా పడింది, రోలు అంచు తగిలి తల పగిలింది. ఇంట్లో ఇంకో ప్రాణి లేదు. సైకిల్ పట్టుకుని బొమ్మలా నిలబడ్డారట ఈయన. "నలుగురిని కేకేయాలన్న తెలివి కూడా లేకపోయిందమ్మా నాకు" అని చెప్పేటప్పుడు డెబ్భై ఏళ్ళ వయసులోనూ ఆయన ముఖం ఎర్రబడేది.

ఆనాటి నుంచి ముందు పక్కింటివాళ్ళను పిలిచి, ఆ తర్వాతే టెలిగ్రాం విప్పేవారు. గుట్టు బయటపెడుతున్నాడని పై అధికారి రెండుసార్లు మెమో ఇచ్చాడు. ఆయన మానలేదు. తర్వాత పాస్టరయ్యారు, కెనడా వచ్చారు. వారమంతా కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పని, ఆదివారం అద్దె హాల్లో ఆరాధన. మన పిల్లలు విమానాలకు విమానాలు దిగడం మొదలయ్యాక ఆయన పాత వ్యాన్ టొరంటో ఎయిర్‌పోర్టుకూ గ్వెల్ఫ్‌కూ మధ్య అరిగిపోయింది. ఎక్కినవాళ్ళ కులమేదో మతమేదో ఆయన అడగలేదు. ఒకటి మాత్రం అడిగేవారు.

"మీ ఇంటికి నడిచి వెళ్ళగలిగిన మనిషి ఎవరు నాయనా? చుట్టమే కానక్కర్లేదు. మీ అమ్మ తలుపు తీసే మనిషైతే చాలు."

ఆ పేరు, ఫోన్ నంబరు ఒక నోటు పుస్తకంలో రాసుకునేవారు. పిల్లలు నవ్వుకునేవారు. ఆ మనిషికి బైబిల్ పంపిస్తాడేమోనని తప్పుడు పేర్లు చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఇరవై ఏళ్ళలో ఆ పుస్తకం తీయాల్సిన అవసరం తొమ్మిదిసార్లు వచ్చింది. ఏ తల్లికీ ఏ తండ్రికీ ఒంటరిగా ఉండగా కబురు చేరలేదు.

ఆయన మంచాన పడ్డాక సంఘం పెట్టారు. నోటు పుస్తకం పాత పద్ధతి అనుకుని ఆన్‌లైన్ ఫారం చేసింది కావ్యశ్రీయే. అందులో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఒక గడి. నడిచి వెళ్ళే మనిషి గడి లేదు. ఇప్పుడు ఫోన్‌లో దీక్షిత్ ఫారం తెరిచి చూసింది. ఆ గడిలో వాడు రాసింది ఒక్క మాట, అమ్మ. కింద అమ్మ నంబరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తననే తాను తిట్టుకుంది.

ఇంతలో రామ్మోహన్ గారు దగ్గరికి వచ్చారు. "అచ్యుత్ నాకూ చెప్పాడమ్మా. గ్రూపులో పెట్టేశాను. మొదటి గంటలోనే జనం స్పందిస్తారు, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు." చూస్తే దీక్షిత్ ఫోటో, కింద ఓం శాంతి, విరాళాల లింకు.

"తీసెయ్యండి అంకుల్!" హాలు దద్దరిల్లేలా అరిచింది. "వాళ్ళమ్మ ఇంకా లేవలే!"

రామ్మోహన్ గారు చెడ్డవాడు కాదు, తొందరమనిషి. ఆ మాటతో ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే తీసేశారు. కానీ పెట్టి పదకొండు నిమిషాలైంది, అప్పటికే నాలుగు గ్రూపులకు పోయింది. సభ రద్దు చేసి, అదే హాల్లో కూర్చుని, ఫార్వర్డ్ చేసినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలడం మొదలుపెట్టారు. జీవితంలో ఎవరినీ బతిమాలని మనిషి.

కావ్యశ్రీ కారు తీసి పాస్టర్ గారింటికి పరుగెత్తింది. ఆయన సభ కోసం తయారై చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు. భార్య సుగుణమ్మ గారు ఆయన తల దువ్వుతున్నారు. కావ్యశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని దీక్షిత్ సంగతి చెప్పింది.

"తప్పు చేసిన అయ్యగారూ. ఆ ప్రశ్న నేనే తీసేసిన."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి ఎడమ చెయ్యి ఎత్తి అలమార చూపించారు. సుగుణమ్మ గారు నోటు పుస్తకం తీసి కావ్యశ్రీకిచ్చారు. ఆయన చెయ్యి మాత్రం దిగలేదు. ఇప్పుడది వీధి తలుపు వైపు ఉంది.

"ఆస్పత్రికా?" అన్నారామె. ఆయన తల ఊపారు. అది అవునా కాదా అని ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు. "అక్కడ ఆ పిల్లాడు ఒక్కడే ఉన్నాడుగా" అంటూ ఆమె కారు తాళాలు తీసుకున్నారు.

దీక్షిత్ పేరు అందులో ఉండదు, కనీసం మెట్‌పల్లి పేరు కోసం పుస్తకంలో పేజీ పేజీ వెతికింది కావ్యశ్రీ. దొరికేసరికి మూడున్నర. రిషిత అనే అమ్మాయి, 2021లో వచ్చింది. నడిచి వెళ్ళే మనిషి: వీరభద్రం, కరెంటు లైన్‌మన్. వెంటనే ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆరుసార్లు చేసినా ఎత్తలేదు. అర్ధరాత్రి రెండింటికి విదేశీ నంబరు చూసి ఎవరెత్తుతారు? మోసగాళ్ళనుకుంటారు. రిషిత చెబితే ఎత్తుతాడని రిషితకు చేసింది. ఆ అమ్మాయి మాంట్రియల్‌లో షిఫ్టులో ఉంది, ఫోన్ లాకర్లో ఉంది. గోరుచుట్టు మీద రోకలిపోటు. బ్రేక్‌లో బయటికొచ్చి రిషిత తిరిగి చేసేసరికి ఐదు. అక్కడ తెల్లవారుజామున మూడున్నర. పది నిమిషాలకు వీరభద్రమే ఫోన్ చేశాడు.

"ఆ ఊరు మా సెక్షనేనమ్మా. పన్నెండు కిలోమీటర్లు. నేను పోత. నా భార్యను గూడ తీస్కపోత, ఆడమనిషి ఉండాలె. ఎట్ల చెప్పాల్నో జర చెప్పు."

అయ్యగారు చెప్పేది చెప్పింది కావ్యశ్రీ. ముందు పక్కింటివాళ్ళను లేపండి. ఆమె చేతిలో ఫోన్ ఉంటే తీసుకోండి. కూర్చోబెట్టండి. సీరియస్‌గా ఉంది, ఆస్పత్రిలో ఉన్నాడు అని అబద్ధం చెప్పొద్దు. ఒక్కసారే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఆరు దాటాక మళ్ళీ ఫోన్ మోగింది. "వచ్చినమమ్మా. లైన్ల ఉండు" అని ఫోన్ జేబులో వేసుకున్నాడు వీరభద్రం. అక్కడ ఇంకా ఐదు కాలేదు. హాలుకు తిరిగొచ్చిన కావ్యశ్రీ, ఫోన్ చెవికి అదిమి వంటగదిలో గోడకానుకుని నిలబడింది. పక్కన రామ్మోహన్ గారు. కుక్క మొరిగింది. ఎవరిదో తలుపు తెరుచుకుంది, గుసగుసలు. తర్వాత ఇంకో తలుపు కొట్టారు.

"ఎవలు?"

"లైన్‌మన్‌నమ్మా, వీరభద్రం."

"గీ పొద్దుగాలేంది? కరెంట్ మంచిగనే ఉన్నది." గడియ తీసిన చప్పుడు. "ఆగుండ్రి, ఫోన్ల ఏందో ఒకటే మోగుతున్నది. మా పిలగానిదేమో సూస్త."

 అప్పుడొక ఆడగొంతు, వీరభద్రం భార్యది. "ఆ ఫోన్ ఇటియ్యి అక్కా. ఇట్ల నా పక్కన కూసో."

వీరభద్రం ఒక్కసారే చెప్పాడు.

ఆ తర్వాత వచ్చిన ఏడుపు వింటూ కావ్యశ్రీ తనూ ఏడ్చింది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. అక్కడ ఒకరి తర్వాత ఒకరుగా ఆడవాళ్ళ గొంతులు కలిశాయి. ఇల్లు నిండింది. చాలాసేపటికి జానకమ్మ గొంతు దగ్గరగా వినిపించింది. వీరభద్రం ఫోన్ అడిగి తీసుకున్నట్టుంది.

"బిడ్డా, నువ్వు ఆడనే ఉన్నవా? నా కొడుకు గిప్పుడు ఒక్కడే ఉన్నడా?"

"లేదమ్మా. మా అయ్యగారున్నరు. మధ్యాహ్నం సంది ఆస్పత్రిల వాని గది తలుపు కాడనే కూసున్నరు. ఇంటికి పోదామంటే కదుల్తలేరు."



"వానికి సలి ఎక్కువ బిడ్డా. గాయినకు చెప్పు."

"చెప్త అమ్మా" అంది. వెంటనే సుగుణమ్మ గారికి ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. సుగుణమ్మ గారు దాన్ని భర్త చెవిలో చెప్పారు. ఆయన ఒక్క చేత్తోనే, చాలాసేపు తంటాలు పడి, ఒంటి మీది కోటు విప్పి నర్సుకు అందించారు. ఆమె ఏమీ అడగకుండా దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళింది.