బత్తాయి చెట్టుకు సవరణ

పేపర్లో తోటల గురించిన ముక్క కనిపిస్తే నేను ముందు ఫొటో చూడను. ఏ నెలకు చెప్పారు, ఏ నేలకు చెప్పారు, ఎంత వయసు చెట్టుకు చెప్పారు, ఈ మూడూ వెతుకుతాను. ఒక్కటి లేకపోయినా నాకు ఒళ్లు మండుతుంది. అది చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నేను రాసిన రోజుల్లో నా ముక్కల్లో ఈ మూడూ ఉండేవి కావని వాళ్లకు తెలుసు మరి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక పత్రిక జిల్లా డెస్కులో పనిచేసేదాన్ని. ఆదివారం పేజీల్లో పెరటి తోటల శీర్షిక ఒకటి ఉండేది. దాన్ని నాకు అంటగట్టారు. "ఆడపిల్లవు గదమ్మా, చెట్లు చేమలంటే నీకే తెలుస్తది" అన్నారు మా ఇన్‌చార్జి సారు. నాకేం తెలుసు? మాది మగ్గాల ఇల్లు. వాకిలంతా పడుగు సాగదీయడానికే చాలేది కాదు, ఇక చెట్టుకు జాగా ఎక్కడిది? మా అమ్మ తులసిని కూడా డబ్బాలో వేసి గోడెక్కించింది. నూలుకు అద్దే రంగుల పేర్లు గడగడా చెప్పగలను గానీ, వేపాకు, కరివేపాకు తప్ప మూడో ఆకు పేరు అడిగితే నీళ్లు నమిలేదాన్ని.

అయినా రెండేళ్లు రాశాను. ఇంటర్నెట్‌లో దొరికింది తెలుగు చేయడం, పాత వ్యవసాయ బులెటిన్లలోంచి పేరాలు దించడం, పైన ఒక రంగుల ఫొటో పెట్టడం. అంతే నా పనితనం. రోళ్లు పగిలే ఎండల్లో, మంచు పడకుండా మొక్కల మీద గడ్డి కప్పమని నల్లగొండ జనానికి సలహా ఇచ్చిన ఘనత నాది. ఇదేందని ఎవరూ అడగలేదు. ప్రకటన వస్తే ముందుగా ఎగిరిపోయేది నా శీర్షికే. తోటల ముక్క ఎవరు చదువుతారులే అని డెస్కులో అందరం అనుకునేవాళ్లం, అందరికంటే ఎక్కువగా నేనే.

ఒక ఫిబ్రవరి చివర్లో రాయడానికి ఏమీ తోచక పాత బులెటిన్ తీశాను. మా జిల్లా బత్తాయికి పేరు. ఇక్కడి తోటల రైతులకు ఒక పద్ధతి ఉంది. కాపుకొచ్చిన చెట్లకు చలికాలం మొదట్లో కొన్నాళ్లు నీళ్లు ఆపేస్తారు. దాన్ని బెట్టకు తేవడం అంటారు. తర్వాత నీళ్లు వదిలితే చెట్టు ఒక్కసారిగా పూతకొస్తుంది. బులెటిన్‌లో ఇదంతా చక్కగానే ఉంది. నేను దిద్దడం మొదలుపెట్టాను. చలికాలం వెళ్లిపోయింది కాబట్టి 'చలికాలం' అన్న మాట తీసేశాను. నాది పెరటి శీర్షిక కాబట్టి 'కాపుకొచ్చిన తోటలు' అన్న మాట కూడా తీసేశాను. "మీ పెరట్లో బత్తాయి పూయడం లేదా? పాదు తవ్వి వేర్లకు ఎండ తగలనివ్వండి, నెల రోజులు నీళ్లు ఆపండి" అని శుభ్రంగా రాసి, ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకున్నాను.

నెల దాటాక, ఒక పొద్దున కేతేపల్లి దిక్కు నుంచి ఒక అవ్వ బస్సెక్కి మా ఆఫీసుకొచ్చింది. చేతిలో గోనె సంచి. అందులోంచి ఒక ఎండిన కొమ్మ, మడతలు పడ్డ పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"గీ చెట్ల సంగతి రాసేటోళ్లు ఎవరు బిడ్డా?"

"నేనే అవ్వా" అన్నాను. తిట్టడానికే వచ్చిందనుకున్నాను.

"మంచిగ దొరికినవ్. నేనేడ తప్పు చేసిన్నో జర సూడు. గీడ రాసినట్టే చేసిన. పాదు తవ్విన. నెల దినాలు సుక్క నీళ్లు పొయ్యలే. చెట్టు ఎండిపాయె."

నా ముక్క మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నాకే చదివి వినిపించింది. పెద్దల రాత్రి బడిలో చదువు నేర్చుకుందట. ఆమె పెనిమిటి గొర్లు కాసేవాడు. ఎరువు కోసం ఒక బత్తాయి తోటలో మందను ఆపినప్పుడు, ఆ తోట ఆసామి ఒక అంటుమొక్క ఇచ్చాడు. దాన్ని భుజాన పెట్టుకుని తెచ్చి పెరట్లో నాటాడు. మరుసటి ఏడే కాలం చేశాడు. మొక్కకు మూడేళ్లు నిండాయి. ఆయన చెట్టు ఒక్కసారన్నా పూస్తే చూడాలని ఆమె ఆశ. ఇప్పుడేమో ముసల్దే చెట్టును చంపిందని కోడలు అంటోందట.

"గొర్లల్ల పుట్టి పెరిగిన. ఎండల నీళ్లు లేకుంటే ఏదైనా సస్తదని నాకు తెల్వదా? తెల్సు. గని పేపర్ల అచ్చయింది గదా, సదువుకున్నోళ్లు రాసిండ్రు గదా అనుకున్న" అంది.

తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. డెస్కంతా చెవులు రిక్కించి వింటోంది. "ఈసారి ఎండలు ముందుగాల్నే ముదిరినయి అవ్వా, అందుకే అయ్యుంటది" అన్నాను.

ఆమె తలూపింది. "అయితే నాదే తప్పు. ఎండ సూసుకోవాలె గదా" అని కొమ్మను మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఆటో దాకా వెళ్లి సాగనంపి వచ్చాను కూడా. నా మర్యాదకేం తక్కువ లేదు.

తిరిగొచ్చి బులెటిన్ మళ్లీ తీశాను. నేను కొట్టేసిన రెండు మాటలూ అక్కడే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. సవరణ వేయాలని సారు దగ్గరికి వెళ్లాను.

"సవరణనా? చెట్టుకా?" సారు నవ్వారు. "లీడర్ పేరు తప్పు వడితే వేస్తం. చావు వార్తల ఫొటో మారితే వేస్తం. బత్తాయికి సవరణేందమ్మా, మనల్ని జూసి నవ్వుతరు. అయినా గా ముక్క ఎవరు సదువుతరు?"

"వేలు వెట్టి సదువుతున్నరు సార్" అని అవ్వ సంగతంతా చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు, పని ఒత్తిడిలో నలిగిపోయిన మనిషి. అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నీ జాగల నువ్వు రాసుకో" అన్నారు.

ఆ ఆదివారం శీర్షిక మొత్తం సవరణే. 'నెల కిందట ఇక్కడ నేను రాసింది తప్పు. అది చలికాలంలో, కాపుకొచ్చిన తోటల్లో చేసే పని. ఎండాకాలంలో చిన్న చెట్టుకు నీళ్లు ఆపితే చచ్చిపోతుంది. మీ చెట్టు కొమ్మ గీరితే ఇంకా పచ్చిగా ఉంటే, ఇవాళే పాదు పూడ్చి నీళ్లు పోయండి. నా మాట నమ్మి చేసినవాళ్ల తప్పు ఏమీ లేదు.' ఆ చివరి వాక్యం ఎన్నిసార్లు కొట్టేసి రాశానో నాకే తెలుసు. రెండేళ్లలో తోటల గురించి నేను మనసు పెట్టి రాసింది అదొక్కటే. ఫొటో పెట్టలేదు.

రెండు రోజులకు ఆఫీసుకు ఫోనొచ్చింది. "బిడ్డా, బత్తాయి కొమ్మ తెచ్చిన అవ్వను."

"నీ తప్పేం లేదవ్వా. గా దినమే చెప్పేదుండె. భయపడ్డ" అన్నాను.

"సదివిన బిడ్డా. ఇంట్ల అందర్ని కూసోబెట్టి సదివిన. కోడలు ఇంకోసారి సదువుమన్నది, ఇంకోసారి సదివిన. గా దినమే జెప్తే అయిపోయేటిది గద. చెట్టు ఎండిన కాడి నుంచి ఆయన ఫొటో దిక్కు సూడలే. పొద్దున లేస్తె మొకం అటు తిప్పుకొని పోయిన. ఇయ్యాల తుడిసి, బొట్టు వెట్టి, నీ పేపరు ముక్క గూడ జూపిచ్చిన."